ఏడో వీధి గోడ మీద చాట

నడక 2206

ఈ రోజు నుంచి నన్ను ఏడో వీధిలో తిరగేసి నడవమన్నారు. ఇన్నాళ్లూ వంటశాల వైపు నుంచి బయలుదేరి పంపుల గది దాకా నడిచేవాణ్ణి. ఇక మీద పంపుల గది నుంచి వంటశాలకి నడవాలట. ఎందుకంటే గవరయ్య పని మానేశాడు. నడిచేవాడు తన ఎడమ చేతి గోడనే చూడాలన్నది మా అడుగూరులో నియమం. అలా గవరయ్య చూసే గోడ నా నెత్తిన పడింది. నా గోడ ఎవరో కొత్తమ్మాయి నెత్తిన పడింది.

గవరయ్య చూసే గోడ అంటున్నాను గాని, ఆయన చూసింది ఎక్కడ? గానుగెద్దులా తల ముందుకు పెట్టి నడిచిపోయేవాడు. పదకొండేళ్లలో ఒక్క అనుమానం కూడా రాయలేదు. 'కళ్లున్నది తిండి గిన్నె వెతుక్కోవడానికి' అని మేం వెనక నవ్వుకునేవాళ్లం.

నా ఉద్యోగం గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. మా ఊరు సముద్రం అడుగున ఉంది. నెత్తిన నీళ్లున్నాయి, గోడలకు అతుకులున్నాయి, అతుకున్న చోట ఏదో ఒక రోజు చెమ్మ దిగుతుంది. దాన్ని అందరికంటే ముందు చూడటమే నా పని. వీధి పొడవునా పీపాకు ఉన్నట్టు ఇనుప కట్లుంటాయి, అడుగుకొకటి. కట్టుకీ గోడకీ మధ్య సందులో లప్పం పెట్టి బొటనవేలితో నొక్కుతారు. నేను ఏ కట్టు ముందుకు వస్తే అక్కడి దీపం వెలుగుతుంది, దాటగానే ఆరిపోతుంది. చెవిలో పెట్టుకున్న యంత్రం టిక్కు టిక్కుమని మోగుతుంటుంది. టిక్కుకి ఒక అడుగు. ఆరేళ్లుగా నా కాళ్లు నా మాట వినడం మానేసి ఆ టిక్కు మాటే వింటున్నాయి.

పొద్దున్న నాచు ఉప్మా గొంతులో అడ్డం పడి, నీళ్లు తాగుతూ బయలుదేరాను. పది పన్నెండు కట్లు దాటాక గోడ మీద ఎవరో చెయ్యి ఎత్తారు.

ఉలిక్కిపడ్డాను గాని కాళ్లు ఆగలేదు. తర్వాతి దీపం వెలిగింది. చెయ్యి ఇంకాస్త లేచింది. ఆ తర్వాతి దీపం. ఆ చేతిలో చాట ఉంది. నా ఛాతీ ఎత్తున, లప్పం మీద, ఒక ఆడమనిషి కాళ్లు చాపుకుని కూర్చుని చాట ఎగరేస్తోంది. గింజలు గాల్లోకి లేచాయి. ఊక ఒక పక్కకి తేలిపోయింది. గింజలన్నీ మళ్లీ చాటలోకి వచ్చి పడ్డాయి. ఆవిడ మోచేత్తో నుదురు తుడుచుకుని, చాటను రెండుసార్లు తట్టి, తల పైకెత్తింది. అంతలో వంటశాల తలుపు వచ్చేసింది.

అడుగూరులో వడ్లనేవి చూసి యాభై ఏళ్లు దాటింది. నేనైతే పుట్టాక చూడనే లేదు. మా నాయనమ్మ చెబితే విన్నాను. అయినా ఆ గింజలు చాటలో పడినప్పుడు చప్పుడు వినబడిందంటే నమ్మండి.

వెనక్కి వెళ్లాను. వెళ్లకూడదు, వెళ్లాను. మూడుసార్లు నడిచాను. తర్వాత ఇరవై తొమ్మిదో కట్టు దగ్గర, గింజలన్నీ ఆకాశంలో ఉన్న చోట, నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో చెవిలో టిక్కుకే తెలియాలి.

నడక 2207

ఈ రోజూ అదే చోట నిలబడి ఉంటే కింద నుంచి గొంతు వినబడింది.

"ఏటి తమ్ముడూ, సెమ్మ దిగినాదేటి?"

చూస్తే, నేల మీద చిన్న పీట వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో లప్పం డబ్బా, పక్కన చేతికర్ర. పేరు అసిరమ్మ. మాలో పెద్దావిడని 'అప్పా' అంటాం, అక్కా అన్నట్టు. అరవై ఆరేళ్లు. ఇరవై ఏళ్లుగా ఏడో వీధిలో ఈ గోడ లప్పం ఆవిడదే. ఆరేళ్లుగా నా కుడి పక్కనే కూర్చుంటున్నా, ఎడమ గోడ వదిలి నేనెప్పుడూ తల తిప్పి చూడలేదు. కూర్చుని కూర్చుని మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, తుంటి కూడా జారింది. ఒక కట్టు నుంచి ఇంకో కట్టుకి జరగాలంటే కర్ర ఊతంతో చాలాసేపు పడుతుంది.

"చెమ్మ కాదప్పా. ఈ బొమ్మ నువ్వే వేశావా?"

ఆవిడ మొహం మాడిపోయింది. "ఎవురికైనా సెప్పినావా?"

"లేదు."

"మాయమ్మ అది. లప్పానికి ఎలాగూ వేలెట్టి నొక్కాల గదా. ఉత్తినే నొక్కీ కంటే మాయమ్మని తలుసుకుని నొక్కినాను. తొమ్మిదేళ్లు పట్టినాది. ఏ కట్టు వంతు వొత్తే ఆ కట్టు మీద ఒక ముక్క. లప్పం ఎక్కడా తక్కువెట్టనేదు తమ్ముడూ, కావాలంటే గుచ్చి సూసుకో."

"తప్పని ఎవరన్నారప్పా? నడుస్తుంటే చాట లేస్తోంది. గింజలు పైకి పోయి కిందకి వస్తున్నాయి."

ఆవిడ లప్పం చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. "నిజంగానా? సాట లేత్తందా?"

అప్పుడు తెలిసింది. ఈ మహాతల్లి దాన్ని ఎప్పుడూ చూడలేదు. ముందు కట్టు కంటే ఒక గోరు పైకి, దాని కంటే ఇంకో గోరు పైకి అని మనసులో లెక్క కట్టుకుని అరవై రెండు కట్ల మీద ఒత్తుకుంటూ పోయింది. అది కదలాలంటే టిక్కుకి ఒక అడుగు చొప్పున నడవాలి. ఆవిడకి ఆ నడక లేదు.

"నాను కట్టు నించి కట్టుకి ఎల్లీసరికి దీపానికే ఇసుగొచ్చి ఆరిపోద్ది," అని నవ్వింది. "కదుల్తాదనే అనుకున్నాను. గవరయ్య ఒక్కపాలి, ఆగకండానే, 'అప్పా, గింజలు మెరుత్తన్నాయి' అనేసి ఎల్పోనాడు. పదకొండేళ్లలో అదొక్క మాట. ఉత్తినే నా మనసుకోసం అన్నాడేమో అనుకున్నాను."

ఎత్తుకుని నడుస్తానన్నాను. నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "నన్నెత్తితే నీ నడుం ఇరుగుద్ది, నా తుంటి ఇరుగుద్ది. ఇద్దరం ఇక్కడే పడుంటాం. నీ పేరేటి?"

"తవిటయ్య."

"బతకాలని తవుడిచ్చి కొన్న బిడ్డవన్నమాట. నీ ముందు పుట్టి ఎందరు పోనారు?"

"ఇద్దరు."

"అయితే మాయమ్మ సాటలోంచి రాలిన తవుడుకే నిన్ను కొనుంటారు," అంది. గొంతు తగ్గించి, "తమ్ముడూ, ఒక్కపాలి నాకు సూపించవా? ఒక్కటంటే ఒక్కపాలి," అంది.

తోపుడు బండి మీద కూర్చోబెట్టి తోస్తే సరిపోతుంది. కాని బయటి వీధుల్లోకి బండ్లు రానివ్వరు, చక్రాల అదురుకి పాత లప్పం వదులవుతుందని. అనుమతి కావాలి. ఈ సాయంత్రమే అర్జీ పెట్టాను. వారం పది రోజుల్లో వస్తుందట. 'తొమ్మిదేళ్లాగినదాన్ని, వారం ఆగలేనేటి' అంది అసిరమ్మ.

నడక 2209

పొద్దున్న కళ్లజోడు పెట్టుకోగానే అంచున ఎర్ర చుక్కలు కనబడ్డాయి. ఏడో వీధి, ఎడమ గోడ, అనుమానాలు: పద్నాలుగు. ఇరవై తొమ్మిదో కట్టు పక్కన అన్నింటికంటే పెద్ద చుక్క.

చెమ్మ లేదు, పగులు లేదు. ఉన్నదల్లా నేను. నేను చూశాను.

ముప్పై ఏళ్ల కిందట మూడో వీధి మునిగింది. ఆ పొద్దున పరికరాలన్నీ గోడ బాగుందనే చెప్పాయి. కాని ఒక వంటావిడ గరిటె చేత్తో పట్టుకుని గోడ వంకే చూస్తూ నిలబడిందట. ఏం చూస్తున్నావంటే చెప్పలేకపోయిందట. గంటలో గోడ విడిపోయింది. అప్పటి నుంచీ మా ఊరు మనిషి చూపునే నమ్ముతుంది. పనిచేసే ప్రతివాడికీ కళ్లజోడు ఇచ్చారు. లప్పం పెట్టేవాళ్ల చూపు మాత్రం లెక్కలోకి రాదు, గోడకి అతుక్కుని ఉండటమే వాళ్ల పని. నడిచేవాడి చూపు గోడ మీద జారుతూ పోవాలి. ఎక్కడైనా ఒక రోజులో మూడు సెకన్లకు మించి నిలిస్తే అక్కడేదో ఉందన్నమాట, అది అనుమానం. అనుమానాలు పోగుపడితే దోషం. దోషమైతే గీకుడు బండి వచ్చి లప్పమంతా గీకేసి, వందేళ్లు చెక్కుచెదరని నున్నటి పూత వేసి పోతుంది.

మంచి నియమమే. ఎన్నో ప్రాణాలు కాపాడింది. నేనే నా తర్వాత వచ్చినవాళ్లకి పాఠంలా అప్పజెప్పాను: కంటికి నచ్చనిదాని దగ్గరే కన్ను ఆగుతుంది అని. కంటికి నచ్చిన దాని దగ్గర కూడా ఆగుతుందని ఆ నియమం రాసినవాళ్లకి తోచలేదు. గోడల మీద నచ్చేవి ఏముంటాయి మరి, మాకు?

గవరయ్య గానుగెద్దు కాదు. ఆయన పదకొండేళ్లు రోజూ దాన్ని చూశాడు, ఏ రోజూ ఆగలేదు. ఆగకుండా చూడటం ఎలాగో నాకు చేతకాలేదు. ఆ మనిషిని చూసి నవ్విన నా నోట్లో మట్టి పొయ్యాలి.

నడక 2212

మూడు రోజులుగా కుడిపక్క నేల వంక చూసి నడుస్తున్నాను. నిన్న పంపుల గది దగ్గర నిజంగా చెమ్మ దిగితే చూడలేదు. కొత్తమ్మాయి చూసి చెప్పింది. అందరి ముందూ తిట్లు తిన్నాను, తినాల్సినవే.

ఏడో వీధి చుక్కలు అలాగే ఉన్నాయి. అనుమానం దానంతటదే పోదు. అందుకని తెలివైన పనొకటి చేశాను. నివేదికలో 'వివరాలు' అనే గడి ఉంటుంది. అందులో ఆరేళ్లలో నేను రాసిందల్లా 'చెమ్మ', 'పగులు', 'తుప్పు', అంతే. ఈసారి కూర్చుని రెండు పేజీలు రాశాను. ఇది దోషం కాదు, ఇది బొమ్మ, ఇలా చాట లేస్తుంది, ఇలా గింజలు పడతాయి, దయచేసి ఆ అనుమానాలు తీసేయండి అని. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. పంపేసి హాయిగా భోంచేశాను.

మధ్యాహ్నానికి పద్నాలుగు చుక్కలూ ముదురు ఎరుపయ్యాయి. ఆ గడిలో ఎంత ఎక్కువ రాస్తే అంత పెద్ద ప్రమాదమని లెక్కట. రెండు పేజీలు రాసినవాడు అడుగూరు చరిత్రలో లేడట. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

అసిరమ్మకి ఇంకా చెప్పలేదు. ఆవిడ ఈ రోజు జుట్టుకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. "బండి ఎప్పుడొచ్చినా తయారుగుండాల కదా," అంది.

నడక 2214

గోడల విభాగం పెద్ద, సత్యవేణి గారి దగ్గరికి వెళ్లాను. మంచి మనిషి. మంచివాళ్ల దగ్గరికి వెళ్లి ఖాళీ చేతులతో తిరిగి రావడం ఇంకా కష్టం.

"మేడమ్, మీరొకసారి వచ్చి చూడండి. చూస్తే మీకే తెలుస్తుంది," అన్నాను.

"నన్ను చూడమనకండి తవిటయ్య గారూ," అన్నారావిడ. "పెద్ద ఉద్యోగి చూపు పదిమంది చూపుకి సమానంగా కడతారు. నేనొచ్చి నిలబడితే ఆ గోడ రేపటికే దోషమైపోతుంది."

"మరి మీరు అనుమానం కొట్టేయలేరా?"

"నేనొక్కదాన్నే కొట్టేయగలిగితే, రేపు ఇంకొకరు బద్ధకంతో కొట్టేస్తారు." ఆవిడ నియమాల పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. "మూడో వీధిలో మా నాన్నగారు ఉన్నారు. ఆ వంటావిడ చూపును ఎవరైనా లెక్కపెట్టి ఉంటే ఆయన బతికేవారు. చూపును నమ్మొద్దని ఆ లెక్కకి నేనెలా నేర్పను? నాకు నోరు రాదు."

చివరికి ఆవిడే నియమాల పుస్తకం తిరగేసి ఒక దారి చూపించారు. ముగ్గురు సాక్షులు స్వయంగా వెళ్లి, చూసి, దోషం లేదని చెబితే అనుమానాలు తీసేయొచ్చు. ముగ్గురు చాలు. త్వరగా చూసి వచ్చేయాలి.

పరిగెత్తుకుంటూ వంటశాలకి వెళ్లాను. వంట చేసే పోలమ్మనీ, ఇంకో ఇద్దరినీ పక్కకి పిలిచి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను. చెప్పొద్దన్న మాట ఎక్కడ చెబితే ఎక్కడికి పోతుందో తెలిసి కూడా, వంటశాలలో చెప్పాను.

నడక 2217

ముగ్గురు వెళ్లారు. చూశారు. త్వరగా చూసి రాలేకపోయారు. పోలమ్మ అయితే మోచేత్తో నుదురు తుడుచుకునే చోట కూలబడిపోయింది. "మా అత్త అచ్చం ఇలాగే తుడుసుకునీది," అని ఏడ్చింది. సాక్ష్యం చెప్పారు పాపం, దోషం లేదనే చెప్పారు. కాని వాళ్ల కళ్లజోళ్లు వేరే చెప్పాయి.

మర్నాటికి ముప్పై మంది, ఈ రోజుకి మూడు వందల మంది. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే ఏడో వీధికి వస్తున్నారు. కళ్లజోడు పెట్టుకోకపోతే బయటి వీధి తలుపు తెరుచుకోదు. కొందరు కళ్లు సగం మూసుకుని నడిచారు, ఒకాయన చేత్తో ఒక కన్ను మూసుకుని నడిచాడు. పిల్లలకి కళ్లజోళ్లుండవు గనక వాళ్లని లోపలికి రానివ్వరు. వాళ్లొక్కళ్లే చూసినా ప్రమాదం లేనివాళ్లు.

నేను మొదట్లో చేతులడ్డం పెట్టి, "చూడకండి, ఆగకండి, మీ చూపే దాన్ని తినేస్తోంది," అని అరిచాను. ఒక ముసలాయన నా భుజం తట్టి, "చూడకుండా ఎలా ఉంటాం నాయనా? యాభై ఏళ్లయింది," అన్నాడు. నేను చేతులు దించేశాను.

ఈ ఊరి జనం ఒకరి మొహం ఒకరు ఇలా చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పుకోని సంగతులన్నీ బయటికొచ్చాయి. పంపుల గదిలో గోడ మీది తుప్పు మరక అచ్చం ఎగిరే కొంగలా ఉంటుందని ఒకామె చెప్పింది. ఆరో నంబరు పంపు ఆగేముందు జోలపాటలా మూలుగుతుందని ఇంకొకాయన చెప్పాడు. ఆరేళ్లు నడిచాను, ఆ కొంగను నేను 'తుప్పు' అని రాసి పంపాను. దాన్ని గీకేయించింది కూడా నేనే.

ఈ జనం మధ్యలో, పీట మీద, నేలన, అసిరమ్మ. అందరూ ఆవిడ ముందు వంగి, "మీ అమ్మ చాట ఎంత బాగా ఎగరేసిందో" అని చెప్పి వెళ్తున్నారు. ఆవిడ ప్రతివాళ్లనీ, "పైకి లేసినాదా? సక్కగా పడినాదా?" అని అడుగుతోంది. ఊరంతా చూసింది, ఆవిడ తప్ప.

సాయంత్రం జనం పోయాక, చుక్కల సంగతి, నా మొదటి రోజు నిర్వాకం, రెండు పేజీల సంగతి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు సూసినావు గాబట్టి పోతాది. నువ్వు సూడకపోతే ఉన్నట్టు ఎవురికి తెలుసు?" అంది. తర్వాత చాలాసేపు తన బొటనవేలిని రెండో చేత్తో నొక్కుకుంటూ కూర్చుంది. "బండి మాత్రం తొరగా తే."

నడక 2219

అరవై రెండు కట్లూ దోషమయ్యాయి. ఎల్లుండి పొద్దున్న పదింటికి గీకుడు బండి.

తోపుడు బండికి అనుమతి వచ్చింది. ఎల్లుండి మధ్యాహ్నం రెండింటికి. లప్పం తీసేసి పూత వేశాక చక్రాల అదురుతో ప్రమాదం ఉండదు గనక అనుమతించడమైనదని కింద రాశారు.

ఆ కాగితం పట్టుకుని సత్యవేణి గారి ముందు నిలబడ్డాను. ఆవిడ చదివి, తన చేత్తో రెండింటిని కొట్టేసి ఎనిమిది అని రాసి సంతకం పెట్టారు. ఇరవై ఏళ్లలో ఆవిడ నియమం తప్పింది ఇదొక్కసారేనని బయట గుమాస్తా చెప్పాడు.

ఎనిమిదికీ పదికీ మధ్య రెండు గంటలు. ఒక్కసారి చూపించడానికి ఒక్క నిమిషం చాలు. ఈ రాత్రికి తిండి సయించింది.

నడక 2221

ఎనిమిదింటికి అసిరమ్మను బండి ఎక్కించాం, నేనూ పోలమ్మా కలిసి. ఒళ్లో దుప్పటి, చేతిలో కర్ర. పంపుల గది తలుపు తెరిచేసరికి వీధి అవతలి చివర నుంచి గరగరమని చప్పుడు.

గీకుడు బండి ఏడింటికే వచ్చేసింది. రెండో వీధిలో దాని పని రద్దయిందట. ఖాళీగా ఉండటమెందుకని ఇక్కడ మొదలెట్టేసింది. అది వంటశాల వైపు నుంచి వస్తోంది. అంటే బొమ్మ చివరి నుంచి మొదటికి.

చెవిలోని యంత్రంలో సత్యవేణి గారిని పిలిచాను. ఆపమన్నాను. "గీకిన సందు తెరిచి ఉంటుంది తవిటయ్య గారూ, మధ్యలో ఆపితే నీళ్లొస్తాయి. మొదలయ్యాక ఆపే మీట ఎవరి దగ్గరా లేదు," అన్నారు. ఆ తర్వాత ఆవిడ ఊపిరి చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది.

ముప్పై రెండు కట్లు మిగిలి ఉన్నాయి. ఒక్కో కట్టుకి దానికి రెండు నిమిషాలు పడుతోంది.

"తొయ్యి," అంది అసిరమ్మ.

తోశాను. టిక్కుకి ఒక కట్టు. దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది. పదమూడో కట్టు దగ్గర వాళ్లమ్మ చెయ్యి లేవగానే, బండి మీద ఆవిడ చెయ్యి కూడా దానంతటదే లేచింది. "ఓలమ్మో! మాయమ్మే! ఆ బుజం సూడు, ఆ బుజం సూడు!" అని చిన్నపిల్లలా నవ్వింది. "నానేనా ఎట్టినాను ఇది? నానేనా?" చాట లేచింది. గింజలు లేచాయి. ముప్పై రెండో కట్టు దగ్గర అవి ఇంకా గాల్లోనే ఉన్నాయి. ఆ తర్వాత బూడిద రంగు పూత, తడిగా మెరుస్తూ.

"కిందకి రావేటి?"

"వచ్చేవి అటుపక్కన ఉండేవప్పా."

ఆవిడ ఆ పూత వంక చూసింది. "మళ్లీ తొయ్యి," అంది.

వెనక్కి లాక్కొచ్చి మళ్లీ తోశాను. ముప్పై ఒకటి. మళ్లీ. ముప్పై. మేము ఒకసారి వెళ్లి వచ్చేసరికి అది ఒక కట్టు తినేసేది. పోలమ్మ గీకుడు బండికి అడ్డం నిలబడి చూసింది. అది మర్యాదగా ఆగి, పక్కకి తప్పుకుని, తన పని తాను చేసుకుపోయింది. ఇరవై మిగిలేసరికి గింజలు చాటను వదలడం మానేశాయి. పద్నాలుగు మిగిలేసరికి చాట లేవడం మానేసింది. నా అరచేతులు పొక్కాయి. ప్రతిసారీ ఆవిడ, "మళ్లీ," అనేది. ప్రతిసారీ నవ్వేది కూడా, మొదటిసారి చూసినట్టే. ఆ నవ్వే నేను భరించలేకపోయాను.

మూడు కట్లు మిగిలినప్పుడు, ఎవరో ఒకావిడ కూర్చుని కాస్త సర్దుకున్నట్టు ఉంది. రెండు మిగిలినప్పుడు అదీ లేదు. ఒకటి మిగిలినప్పుడు బండిని ఒక్క అడుగు తోశాను. దీపం వెలిగింది, ఆరింది. ఒక్క కట్టు మీద ఎవరూ కదలరు.

ఆవిడ మళ్లీ తొయ్యమనలేదు.

గీకుడు బండి ఆ ఒక్కటీ ముగించి, తన బ్రష్షులు తనే తుడుచుకుని వెళ్లిపోయింది. గోడ కడిగిన కంచంలా ఉంది. ఇక దానికి లప్పం అక్కర్లేదు, వేలు అక్కర్లేదు. పోలమ్మ వంట వేళవుతోందని కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. మేమిద్దరం మిగిలాం.

"తమ్ముడూ, నువ్వు మొత్తం సూసినావు గదా? మొదట్నించి ఆకరి దాకా?"

"చూశానప్పా. బోలెడన్ని సార్లు."

"అయితే సెప్పు. నాకు సగమే దక్కినాది."

చెప్పాను. గింజలు తిరిగి చాటలో ఎలా పడ్డాయో, ఊక ఎడమ పక్కన ఎలా కుప్పపడిందో, మోచేత్తో నుదురు ఎలా తుడుచుకుందో, చాటను ఎలా తట్టిందో, చివర్న తల ఎలా పైకెత్తిందో చెప్పాను. ఆవిడ బొటనవేలు తొడ మీద ఒక్కొక్క కట్టూ లెక్కపెట్టుకుంటూ వస్తోంది. నేను అరవై రెండు దగ్గరికి వచ్చేశాను. ఆవిడ వేలు నలభై దగ్గరే ఆగి ఉంది.

"మరి కోడిపిల్ల?"

ఏ కోడిపిల్ల అన్నట్టు ఆవిడ మొహం వంక చూశాను.

"నలభయ్యో కట్టు కాడ ఒక్క గింజ సాట దాటి కింద పడుద్ది గదా. దానికోసం కోడిపిల్ల పరిగెట్టుకొత్తాది. కింద, నేల కాడ. గోరుతో ఎట్టినాను. ఒక్క ఆ పిల్లకే రెండేళ్లు పట్టినాది. మిగతాదంతా కదుల్తాదని నాకు తెలుసు. అదొక్కటే సరిగ్గా పరిగెడతాదో నేదోనని నా బెంగ. దానికోసమే బండెక్కినాను."

మేము గోడను మా కంటి ఎత్తున చూస్తాం. ఆవిడ నేల మీద కూర్చుని పనిచేస్తుంది. మూడు వందల మందిమి, ఇన్ని రోజులు, ఆ గోడ పోయేంత సేపు చూశాం. కోడిపిల్ల గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. నేనైతే చూడనే లేదు.

"పరిగెట్టింది అప్పా," అన్నాను.

"గింజ అందుకున్నాదా?"

"అందుకుంది."

అసిరమ్మ వెనక్కి వాలి, కళ్లు మూసుకుంది.

"ఎలాగ పరిగెట్టినాదో సెప్పు," అంది.